డిస్కు కొండెక్కేదాకా

ట్రక్కు నాంపల్లి స్టేషన్ దాటి సందులోకి తిరిగి, మోకాలి లోతు నీళ్లలో ఆగింది. పొద్దున ఆరు దాటింది. రాత్రంతా కురిసిన వాన సన్నబడింది కానీ ఆగలేదు. మేం తొమ్మిది మందిమి. సుబేదార్ సాబ్, ముగ్గురు ఆపరేటర్లు, ఇద్దరు లైన్‌మన్లు, జనరేటర్ మెకానిక్, డ్రైవర్, నేను. నేనప్పుడు సిగ్నల్స్‌లో హవల్దార్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త.

సామాను: రేడియో సెట్లు, వాటి బ్యాటరీలు, ఒక జనరేటర్, రెండు డ్రమ్ముల కేబుల్, టార్పాలిన్లు, మనిషికొక బర్సాతీ కోటు, రెండు పూటల పొడి తిండి. ఆర్డరు చిన్నది. మూసీ ఒడ్డు బస్తీల్లో ఇంజనీర్ల పడవలు తిరుగుతున్నాయి. ఆ పడవలకూ ఇక్కడి పౌర అధికారులకూ మధ్య మాట తెగకూడదు. నీళ్లు తీసేదాకా ఇక్కడే ఉండాలి.

సైన్యం నుంచి వచ్చినవాణ్ని జనం మంచు గురించి, బంకర్ల గురించి అడుగుతారు. అవీ చూశాను. అడిగితే చెబుతాను. కానీ నన్ను వదలని డ్యూటీ మా ఇంటికి సిటీ బస్సులో పావుగంట దూరంలో చేసింది. శత్రువు లేడు. తుపాకులు సికింద్రాబాద్‌లోనే వదిలివచ్చాం.

ట్రక్కు ఆగిన గేటు నాకు తెలుసు. అది మా ముత్తాత కట్టించిన దేవిడీ. వీధి వైపు మగవాళ్లు కొలువుండే దివాన్‌ఖానా, వెనక ఆడవాళ్ల జనానా, మధ్యలో నీళ్ల హౌజు. తాతగారి కాలంలోనే వ్యాజ్యాల్లో పోయింది. ఇప్పుడది ఒక సర్కారు ఆఫీసు. నా చిన్నప్పుడు నాన్నగారు ఒక్కసారి తీసుకొచ్చి, రోడ్డుకు అవతలి పక్క నిలబెట్టి చూపించారు. "ఆ కమాను కింద ఏనుగు పట్టేది" అన్నారు. గేటు దాటి లోపలికి రానివ్వలేదు. ఇంకొకరి ఇంట్లోకి పిలవకుండా పోకూడదన్నారు.

నేను గడప దగ్గర ఆగి బూట్ల బురద కడిగాను. మిగతావాళ్లు కడగలేదు.

లైన్‌మన్లలో ఒకడు నల్గొండవాడు. నేను వెన్ను వంచి నడవనని నన్ను 'దొర' అని పిలిచేవాడు. వాడికి మా ఇంటి సంగతి తెలియదు. ఉత్త ఎగతాళి.

"దొరా, జర వంగుండ్రి. కేబుల్ మీ కాళ్ల కిందికెళ్లి పోవాలె."

"కాళ్లు ఎత్తుతాను. వంగేది లేదు."

"గట్లయితే ఏనుగు మీద గూసోబెట్టాలె మిమ్మల్ని."

మిగతావాళ్లు నవ్వారు. నేను కాళ్లు ఎత్తాను.

సర్కారు కొత్తగా వేసిన వరండా స్లాబు అంతటా కారుతోంది. డంగు సున్నంతో వేసిన దివాన్‌ఖానా కప్పు నుంచి ఒక్క చుక్క పడడం లేదు. అందుకని రేడియోలు అక్కడ పెట్టాం. ఆఫీసువాళ్ల కంప్యూటర్ కూడా అప్పటికే అక్కడికి చేరింది.

ఆ కంప్యూటర్ ఎస్తేర్ మేడమ్ చేతిలో ఉండేది. మెదక్ వైపు ఆవిడ. నలభై దాటిన మనిషి. వరద వచ్చిన రాత్రి ఇంటికి పోలేక ఆఫీసులోనే ఉండిపోయింది. పడవలో గట్టుకు చేరిన ప్రతి మనిషి పేరూ, వాళ్లను ఏ లారీ ఏ క్యాంపుకు తీసుకుపోయిందీ ఆమె టైపు చేసేది. పేరు చెప్పలేని పిల్లలకు, స్పృహలేని వాళ్లకు గట్టు మీద ఫోటో తీసేవారు. ఆ చిన్న డిజిటల్ కెమెరాలో ఇరవై ఫోటోలు పట్టేవి. నిండగానే ఇక్కడికి తెచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించి, తుడిచి, మళ్లీ పంపేవాళ్లం. ఒకే ఇంటివాళ్లు వేరువేరు పడవల్లో వేరువేరు క్యాంపులకు పోయారు. కాచిగూడ బడిలో కొందరు, హిమాయత్‌నగర్ ఫంక్షన్ హాల్లో కొందరు, ఇంకా అలాంటివే ఊరంతా. ఫోన్లు పనిచేయడం లేదు. తమవాళ్లు ఎక్కడున్నారో తెలియాలంటే జనానికి ఆ కంప్యూటర్ ఒక్కటే దారి. దివాన్‌ఖానా కిటికీ ముందు గొడుగులతో, గోనెసంచులతో నిలబడేవారు.

ఆ ఎక్కించినదంతా కంప్యూటర్ పక్కన ఉన్న ఒక ఇనప పెట్టెలో ఉండేది. అందులో రెండు డిస్కులు. పెట్టెకు కరెంటు కంప్యూటర్ వెనక నుంచే వచ్చేది.

డిస్కు అంటే లోపల తిరిగే పళ్లెం. దాని మీద వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తులో ఒక ముల్లు తేలుతూ రాస్తుంది. పని ముగిస్తున్నామని ముందే చెబితే ముల్లు తన చోటుకు నిదానంగా పోతుంది. పళ్లెం మెల్లగా ఆగుతుంది. చెప్పకుండా కరెంటు తీసేస్తే ముల్లు ఎగిరి దూకుతుంది. 'టక్' మని చప్పుడొస్తుంది. అలా ఎన్నిసార్లు ఓర్చుకుంటుందో ఎవరికీ తెలియదు. ఇంకొక సంగతి. కంప్యూటర్ 'రాశాను' అని చెప్పినంత మాత్రాన డిస్కు మీద పడినట్టు కాదు. కొంతసేపు చేతిలోనే పట్టుకుని ఉంటుంది. ఆ సమయంలో కరెంటు పోతే చేతిలోది పోతుంది.

కంప్యూటర్ను పూర్తిగా ఆపేటప్పుడు ఈ జాగ్రత్త అందరూ పడతారు. ఆపి వెంటనే మళ్లీ మొదలుపెట్టే రీబూట్‌లో ఎవరూ పడరు. రీబూట్‌లో కరెంటు పోదని అందరి నమ్మకం. మా కంప్యూటర్లో పోయేది. అది మాకు మొదటి సాయంత్రం తెలిసింది.

ప్రింటర్ పలకడం లేదని మేడమ్ మామూలుగా రీస్టార్ట్ ఇచ్చింది. స్క్రీన్ నల్లబడింది. ఇనప పెట్టెలో నుంచి 'టక్' మంది. మళ్లీ లేచేసరికి ఒక డిస్కు గొంతు పట్టినవాడిలా గరగరలాడి ఆగిపోయింది. ఆ రోజు ఎక్కించిన దాంట్లో సగం లేదు.

"నేను మంచిగనే చేసిన గదా" అంది మేడమ్. "రీస్టార్ట్ అని నొక్కిన, గంతే."

ఆ సగంలో ఒక మేస్త్రీ పేరు ఉంది. అతని భార్య ముసలమ్మ. వానలో క్యాంపు నుంచి క్యాంపుకు రెండు రోజులు నడిచింది. చివరికి కాచిగూడ బడిలో దొరికాడు. ఆ కబురు చెప్పడానికి మా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నూటమూడు జ్వరం; వరండాలో టార్పాలిన్ కింద పడుకోబెట్టాం. తప్పు ఎవరిది అని ఆమె మమ్మల్ని అడగలేదు. అడిగితే బాగుండేది.

డిస్కు పోయిన మరునాడు సుబేదార్ సాబ్ నన్ను అబిడ్స్ పంపారు. ఆ కంప్యూటర్ కూర్చినవాడి దుకాణం అక్కడ ఉంది. నీళ్లలో నడిచి వెళ్లాను. షట్టర్ సగం ఎత్తి, తడిసిన అట్టపెట్టెలు బల్లల మీదికి ఎక్కిస్తున్నాడు.

"గా బోర్డు గట్లనే సార్" అన్నాడు. "రీస్టార్ట్ అంటే ఒక్క క్షణం కరెంటు వదిలేస్తది, మళ్ల పట్టుకుంటది. కంప్యూటర్‌కు ఫరక్ పడది. గా బయటి డబ్బకు పడ్తది."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"డబ్బ తర్వాత తగిలిచ్చుకున్నరు సార్, నన్ను అడిగిన్రా? సర్కారోళ్లకు అన్నిట్ల చౌకది గావాలె. చౌకది గిట్లనే ఉంటది."

"బోర్డు మార్చు."

"దుకాణంల నీళ్లు, గోదాంల నీళ్లు. ఏడికెళ్లి తేవాలె?" తలగోక్కుని, మళ్లీ అన్నాడు. "ఒక పని జేయుండ్రి. రీస్టార్ట్ ముందు డిస్కుల్ని మీరే పండవెట్టుండ్రి. మీరు పండవెడితే ఏం గాదు. కరెంటు పండవెడితేనే ఖరాబైతది."

ఒక కొత్త డిస్కు మాత్రం పొడి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బర్సాతీ విప్పి దాన్ని అందులో పెట్టుకుని, నేను తడుస్తూ వచ్చాను.

ఆ పూటే ఒక డ్రిల్ పెట్టాం. రీబూట్‌కు ఇద్దరు ఉండాలి. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి. మేడమ్ మొదట చేతిలో ఉన్నదంతా రాసెయ్యమని ఆజ్ఞ ఇస్తుంది. పెట్టె మీది దీపం ఆరేదాకా ఆగుతుంది. తర్వాత డిస్కుల్ని పడుకోమంటుంది. అరచెయ్యి పెట్టినవాడు లోపలి వణుకు పూర్తిగా ఆగాక చెబుతాడు. అప్పుడే రీబూట్.

మొదటిసారి లైన్‌మన్ చెయ్యి పెట్టాడు.

"ఆరిపోయింది మేడమ్."

"అట్లనకు బాబూ. నిన్నటిది యాదికొస్తుంది" అందామె.

మా ఇంట్లో దీపం ఆరిందనే మాట నోట రానిచ్చేవారు కాదు. దీపం కొండెక్కింది అనాలి. కిరాయి ఇంట్లో జీరో బల్బు ఆర్పినా నానమ్మ అదే మాట అనేది. నేను ఆ మాట చెప్పాను.

"మంచిగుంది. మా ఇంట్ల అనరుగానీ, గదే ఉంచుండ్రి" అంది మేడమ్.

అప్పటినుంచి అదే. "డిస్కు?" "కొండెక్కింది." "రీబూట్." పడవల మీదివాళ్లకు కూడా తెలిసిపోయింది. సెట్లో పిలిచేవారు: "నాంపల్లి, నాంపల్లి, బోటు రెండు. మీ దీపం కొండెక్కిందా, లేసిందా? ఓవర్." సెట్లో తెలుగు నడవకూడదు. సుబేదార్ సాబ్ వినిపించుకోనట్టు టీ తాగేవారు. ఆయనది కర్నూలు.

నాలుగో రోజు పై చెరువుల గేట్లు ఇంకా ఎత్తారు. చాదర్‌ఘాట్ వైపు మళ్లీ నీళ్లు పెరిగాయి. పడవలు తిరుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఒక మనిషి కిటికీ దగ్గరికి రాకుండా నేరుగా గదిలోకి వచ్చాడు. ఖాకీ చొక్కా. ఆటో నడిపేవాడు. పేరు యాదగిరి.

"సార్, నా బిడ్డ. ఐదేండ్లు. పసుపు గౌను. పొద్దుగాల బోటుల ముందుగాల దాన్ని ఎక్కించుకున్రు, జాగ లేదని నన్ను తర్వాత తెచ్చిన్రు. గట్టు మీద లేదు సార్."

"పేరు?"

"సుజాత. పిలిస్తే చూస్తది. మాట రాదు."

జేబులో నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మందు గోళీలు.

"ఫిట్స్ ఉంది సార్ దానికి. పొద్దుగాలది పడలే. పడకపోతే వస్తది. వస్తే ఒకదాని మీద ఒకటి వస్తది."

నా రేడియో లాగ్‌లో ఆమె ఉంది. 'ఆడపిల్ల ఒకతె, మాట్లాడదు, గట్టుకు చేర్చాం.' అంతవరకే. గట్టు మీద నుంచి ఏ లారీలో ఎక్కడికి పోయిందో మేడమ్ కంప్యూటర్లోకే వచ్చేది. ఆమెకు గుర్తుంది. పసుపు గౌను ఫోటో ఇందాకటి విడతలో వచ్చింది. క్యాంపు పేరుతో సహా ఎక్కించింది. క్యాంపు ఏదో గుర్తులేదు. ఆ విడతలోనే పదిమంది పిల్లలున్నారు. కెమెరా అప్పటికే తుడిచి పంపేశాం. సెట్లో అడిగితే గట్టు మీదివాళ్లకూ గుర్తులేదు.

ఫోటో తెరవబోతే స్క్రీన్ బిగుసుకుపోయింది. బాణం కదలదు. ఇనప పెట్టె మీద దీపం మాత్రం గుడ్డిగా కొట్టుకుంటోంది.

"లోపల ఇంకా రాస్తుంది" అంది మేడమ్ నాతో. "ఫోటోలన్నీ దాని చేతిలనే ఉన్నయ్. రాసెయ్యి, పండుకో అని రెండు ఆజ్ఞలు కొట్టిన. స్క్రీన్ మీద కనపడ్తలేవుగానీ తీసుకున్నట్టే ఉంది. దీపం ఆరాలె. అప్పటిదాక ముట్టొద్దు."

సుబేదార్ సాబ్ ఇద్దరు ఆపరేటర్లను దగ్గర క్యాంపులకు కాలినడకన పంపారు. డ్రైవర్‌ను ట్రక్కు తిప్పి ఉంచమన్నారు. మేం నిలబడ్డాం.

అప్పుడే పౌర అధికారుల్లో పెద్దాయన ఒకరు లోపలికి వచ్చారు. మూడు రోజులుగా నిద్రలేని కళ్లు. సంగతి విన్నారు. యాదగిరిని చూశారు.

"దీనికి ఇంత ఆలోచనేంటి? రీస్టార్ట్ నొక్కండి."

"సార్, డిస్కు రాస్తోంది. ఇప్పుడు నొక్కితే ఆ ఫోటోయే పోతుంది."

"పిల్లకు ఫిట్స్ అంటున్నాడు. నువ్వు డిస్కు అంటున్నావు. జరుగు."

నేను కంప్యూటర్‌కూ ఆయనకూ మధ్య ఉన్నాను. జరగలేదు. చేతులు పక్కలకు ఆనించి, సావధాన్‌లో నిలబడ్డాను.

ఆయన గొంతు పెరిగింది. "జరగవేం? ఇదేమన్నా నీ అబ్బ జాగీరా?"

లైన్‌మన్ తల దించుకున్నాడు. దొర అని పిలిచేవాడు కదా, ఆ మాటకు వాడికి నవ్వొచ్చింది. ఆయన వెనక గోడలో దీపం గూడు ఉంది. సర్కారు వేసిన ఆకుపచ్చ రంగు కింద గూటి చుట్టూ చెక్కిన లత ఇంకా తెలుస్తూనే ఉంది. దాన్ని నానమ్మ నాకు ఆకు ఆకుగా చెప్పింది. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు సార్" అన్నాను. "డ్యూటీ."

సుబేదార్ సాబ్ టీ గ్లాసు కింద పెట్టారు. "సార్, మావోడు చెప్పేది నిజమే. మొన్న ఒగసారి అట్లే నొక్కి సగం పోగొట్టుకున్న్యాం. ఆ ముసిలామె మీ ఆఫీసు వరండాలోనే పండుకోనుంది, సూడండి."

ఆయన చూశారు. వరండాలోకి వెళ్లి, కారుతున్న స్లాబు కింద నిలబడ్డారు.

ఆయనకు ఎదురు నిలవడం తేలిక. ఆర్డరుకు ఆర్డరు జవాబు. యాదగిరి వంగి నా బూట్లు పట్టుకున్నాడు.

"సార్, మీ కాల్మొక్త. జర దబ్బున నొక్కుండ్రి. పోతే పోనియ్యుండ్రి, నేనే దేవులాడుకుంట."

వాణ్ని లేపడానికి ఆ వారంలో మొదటిసారి ఒక మనిషి ముందు వంగాను. వాడి చెయ్యి తీసి ఇనప పెట్టె మీద పెట్టాను.

"వణుకుతోందా?"

"ఔ సార్."

"నీ బిడ్డ ఫోటో లోపలికి పోతోంది. అది పోవడం అయ్యాక ఈ వణుకు ఆగుతుంది. పూర్తిగా ఆగినప్పుడు నువ్వే చెప్పు. నువ్వు చెప్పాకే నొక్కుతాం."

వాడు కళ్లు మూసుకున్నాడు. రెండో చేతిలో గోళీల కవరు. వాన చప్పుడు. బయట జనరేటర్. నేను మెకానిక్ దగ్గరికి మనిషిని పంపాను. డీజిల్ పోయాలన్నా ఇప్పుడు ఆపొద్దని చెప్పించాను. సెట్లో బోటు రెండు పిలిచింది. వేచి ఉండమన్నాను. ఒక ఆపరేటర్ తడిసి తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. అతను చూసిన రెండు క్యాంపుల్లో పిల్ల లేదు.

ఎంతసేపు అంటే ఈరోజుకీ సరిగ్గా చెప్పలేను. గడియారం చూడలేదు. నా సర్వీసులో చూడని గంట అదొక్కటే. యాదగిరి వేళ్ల గోళ్లు తెల్లబడ్డాయి. నాకు సందేహం రాలేదని అనను. ఆ పిల్ల ఎక్కడో నేల మీద కొట్టుకుంటూ ఉంటే, నేను ఇక్కడ ఒక పెట్టెకు కాపలా కాస్తున్నానా అనుకున్నాను. అనుకుంటూనే నిలబడ్డాను.

దీపం ఆరింది. మేడమ్ చెయ్యి ఎత్తింది, ఎవరూ కదలవద్దని. పెట్టెలో నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు దిగుతూ దిగుతూ వచ్చింది. లైన్‌మన్ అలవాటుగా నోరు తెరిచాడు. "కొండె..." అనబోయాడు. నేను వాడివైపు చూశాను. ఆగిపోయాడు. ఆ మాట ఆ తండ్రి ముందు అనరానిది.

యాదగిరి ఇంకా కళ్లు తెరవలేదు. అరచెయ్యి కొంచెం కదిపి, మళ్లీ ఆనించి చూశాడు. తర్వాత మెల్లగా, ఎవరైనా లేస్తారేమో అన్నట్టు చెప్పాడు.

"పండుకుంది సార్."

మేడమ్ నొక్కింది. స్క్రీన్ నల్లబడింది. 'టక్' మనలేదు. పెట్టె మళ్లీ లేచి తిరిగింది. ఫోటోలు వరసగా వచ్చాయి. ఏడోదో ఎనిమిదోదో, పసుపు గౌను. తడి జుట్టు నుదుటికి అంటుకుని, కెమెరావైపు కాకుండా పక్కకు చూస్తోంది. కింద హిమాయత్‌నగర్ ఫంక్షన్ హాలు అని ఉంది.

ఆపరేటర్లు తిరిగిన దారిలో ఆ హాలు లేదు. ట్రక్కులో యాదగిరి, నేను, డ్రైవర్. నీళ్లు తక్కువున్న దారుల్లో చుట్టూ తిరిగి పోయాం. పిల్లకు మధ్యాహ్నం ఒకసారి మూర్ఛ వచ్చిందని అక్కడి నర్సు చెప్పింది. కారణం తెలియక, పేరు తెలియక, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఇంకొకటి వచ్చివుంటే తమ దగ్గర మందు లేదంది. నర్సు గోళీ పొడి చేసి, పిల్లకు మెలకువ రాగానే పట్టిస్తానని నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకుంది. ఆ రాత్రికి రెండో గోళీ కూడా పడిందని తర్వాత తెలిసింది.

వారం దాటాక నీళ్లు తీశాయి. కేబుల్ చుట్టాం. సామాను లెక్క అప్పజెప్పాం. ఎస్తేర్ మేడమ్ గేటుదాకా వచ్చి, "మంచిది సాబ్. పెట్టెను నేను చూసుకుంట" అంది. లైన్‌మన్ ట్రక్కు ఎక్కుతూ, "దొరా, ఏనుగు రెడీ" అన్నాడు. కమాను కింద నుంచి తల వంచకుండా బయటికి వచ్చాను. ఆ కమాను అంత ఎత్తు కట్టారు మరి.

ఒక పూట సెలవిచ్చారు. కాచిగూడలో మా కిరాయి ఇంటికి వెళ్లాను. నాన్నగారు ఎప్పటిలాగే గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ వెన్నుకు ఆనకుండా కూర్చుని ఉన్నారు.

"డ్యూటీ ఎక్కడ?"

"నాంపల్లి, నాన్నగారూ."

"నాంపల్లిలో ఎక్కడ?"

చెప్పాను. ఎవరు పిలిస్తే పోయావని అడగలేదు.

"దివాన్‌ఖానా కప్పు కారుతోందా?"

"లేదు. ఒక్క చుక్క లేదు."

"మంచిది" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అడిగివుంటే యాదగిరి సంగతి చెప్పేవాణ్ని. నాన్నగారు పోయేదాకా చెప్పనే లేదు.

ఆ నాలుగో రోజు, మేం వెళ్లేసరికి, ఫంక్షన్ హాల్లో పెళ్లిళ్లకు పరిచే ఎర్ర తివాచీ మీద పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. పసుపు గౌను చివరన ఉంది. గోడవైపు తిరిగి, కదలకుండా. యాదగిరి పరుగెత్తలేదు. పేరు పెట్టి పిలవలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఇనప పెట్టె మీద పెట్టినట్టే పెట్టాడు. అక్కడ ఆగడం కోసం చూశాడు. ఇక్కడ ఆగకూడదని చూస్తున్నాడు. అతని చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. అప్పుడు నావైపు తిరిగి, అదే గొంతుతో చెప్పాడు.

"పండుకుంది సార్."